నవంబరు ఆరు: తద్దినముతో సరిపుచ్చుటయేనా?

కోనసీమలో నవంబరు ఆరవ తేదిని జ్ఞాపకము చేయుటకు పంచాంగము విప్పనక్కరలేదు. అమలాపురపు అంగడి వీథిలోగాని, రాజోలు రేవునగాని, కొత్తపేట రచ్చబండకడగాని నడివయస్సు దాటిన యేమనుష్యుని కదిపినను "ఆ గాలివాన రాత్రి" యని చెప్పును. ఏ గాలివాన యని యడుగువాడు ఈ సీమవాడు కాడని యెల్లరకును తెలియును. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేది రాత్రి కాకినాడకు దక్షిణముగా, గోదావరి సాగరసంగమ ప్రాంతమున తీరమును దాటిన పెనుతుపాను ఇచ్చటి ప్రజల కాలగణనమును రెండు తునకలు చేసినది. పెండ్లిండ్లు, పురుళ్లు, పొలముల క్రయవిక్రయములు, సమస్తమును గాలివానకు ముందు, గాలివానకు తరువాత అని చెప్పుకొనువారు నేటికిని కలరు.

ఆ యేట దీపావళి నవంబరు 10వ తేదిన వచ్చినది. పండుగకు నాలుగు దినములే వ్యవధి. సార్వా చేలు కంకులు బరువెక్కి తలలు వంచియున్నవి. ఆ తుపాను విస్తీర్ణమున చిన్నదేకాని, అది సముద్రమున బలపడుటకును నేలనెక్కుటకును నడుమ దొరకిన వ్యవధి మిక్కిలి స్వల్పము. తెల్లవారునప్పటికి కోనసీమ కోనసీమగా లేదు. కొబ్బరిచెట్లు లక్షలకొలది కూకటివ్రేళ్లతో కూలినవి. కూలనివి తలలు తెగి మోడులై నిలిచినవి. గౌతమి ముఖద్వారమున నున్న బలుసుతిప్ప, భైరవపాలెము మొదలగు పల్లెలపై రెండు మూడు మీటర్ల యెత్తున ఉప్పెన విరుచుకొనిపడినది. మృతులు వేయికి పైబడిరి. వేటకుపోయిన మత్స్యకారులు వందలకొలది తిరిగి రాలేదు. ఆరు లక్షలకు పైగా ఇండ్లు దెబ్బతినినవి. చేతికందవచ్చిన వరి బురదలో కలిసినది.

ఇంతటి యుత్పాతము జరిగిన దినమును జనులు మరువకుండుట సహజము, ధర్మము కూడ. కాని ఆ దినమును మనము జ్ఞాపకముంచుకొను తీరునుగూర్చియే మేము నేడు కొంత కటువుగా మాటలాడదలచితిమి. నవంబరు 6 వచ్చును. పత్రికలు పాతచిత్రములను మరల ముద్రించును. సభలలో వక్తలు నిట్టూర్పులు విడుతురు. ఏడవ తేది తెల్లవారగానే యెవరి పనులలో వారు మునుగుదురు. పితరులకు పెట్టవలసిన పిండము పెట్టితిమి, ఇక యేటివరకు ఋణములేదు అన్నట్లు మనము సముద్రమునకు కూడ తద్దినము పెట్టి చేతులు కడుగుకొనుచున్నాము. చనిపోయినవారికి తద్దినము చాలును. బ్రదికియున్నవారికి చాలదు. సముద్రము చనిపోలేదు.

నవంబరు 6 యనునది ఒంటరిదినము కాదను సత్యమును పాఠకులు మొదట గ్రహింపవలయును. మన తీరపు చరిత్రమును త్రిప్పిచూడుడు. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్పదివేలమంది మడసిరి. 1969 నవంబరు 7వ తేదిన, అనగా మన యీ తేదికి ఒక్క దినము వెనుకగా, కాకినాడ సమీపమున తుపాను తీరము దాటి వందలమందిని బలిగొనినది. 1989లో కావలి ప్రాంతమును కొట్టినది నవంబరు 8. 1984లో శ్రీహరికోట ప్రాంతమును కొట్టినది నవంబరు 14. 1977లో దివిసీమను శ్మశానముగావించి పదివేలకు పైగా ప్రాణములను హరించినది నవంబరు 19. 1839లో మన యేటికావలనున్న కోరంగి రేవును నాశనముచేసినది నవంబరు 25. నాటి మృతులు మూడులక్షలని ప్రచారములో నున్న లెక్కను నేటి పరిశోధకులు సందేహించుచున్నారు. కాని ఓడల నిర్మాణమునకు పేరుగన్న ఆ రేవు మరల మునుపటివలె తలయెత్తలేదనుటలో సందేహము లేదు. అంతకు అర్ధశతాబ్దము పూర్వము, 1789 డిసెంబరులో, ఆ కోరంగినే మూడు పెద్ద అలలు ఒకదానివెంట నొకటి ముంచియెత్తినవి. సైక్లోను అను పేరును లోకమునకిచ్చిన కలకత్తా విద్వాంసుడు హెన్రీ పిడింగ్టన్ తన రచనలలో ఈ కోరంగి కథను చెప్పియున్నాడు. ప్రపంచమంతయు నేడు వాడుకొను ఆ మాటను రూపొందించిన మేధ మన గోదావరిమొగ యొద్ద మునిగినవారి వృత్తాంతమును ఎరిగియున్నదే.

ఈ తేదులన్నియు ఒక్క మాసమునందు గుంపుగూడుట గ్రహచారము కాదు. నైరృతి ఋతుపవనములు వెనుదిరుగునప్పటికి బంగాళాఖాతపు నీరు వెచ్చగానే యుండును. ఋతుపవనకాలమున పైయంతరువులలో వీచెడి ప్రచండవాయువులు అప్పటికి తగ్గును. అల్పపీడనము పుట్టినచో దాని తల నరికివేయు గాలి యుండదు. పోషించు వేడినీరు మాత్రముండును. అందుచే అక్టోబరు, నవంబరు మాసములు మన తీరమునకు పరీక్షాకాలము. వేసవిలో, ఋతుపవనములకు ముందు, రెండవ పరీక్షాకాలము కలదు. 1990 మే 9వ తేదిన బందరువద్ద తీరము దాటి తొమ్మిదివందలకు పైగా జనులను చంపిన తుపాను ఆ జాతిది. ఇక కోనసీమ యునికి ఎట్టిది? గౌతమికిని వసిష్ఠకును నడుమ, వైనతేయము మధ్యగా పారగా, గోదావరి మోసితెచ్చిన ఒండ్రుతో పుట్టిన పల్లపునేల యిది. దక్షిణమున సముద్రము. తీరమునొద్ద సముద్రము లోతులేనిది. గాలి తరిమిన నీరు క్రిందికి పోలేక పైకిలేచును. ఒడ్డు చేరిన ఉప్పెనకు అడ్డుగా గుట్టయైనను లేదు.

తేదికి మహిమ యున్నదని నమ్మువారు కొందరు కలరు. వారికి మరియొక యుదాహరణము చూపుదుము. 2013 అక్టోబరు 12వ తేదిన పైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12వ తేదిననే, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ధ్వంసముచేసినది. తేది యొక్కటే. ఇది కాకతాళీయము. కాని పైలిన్ విషయమున కాకతాళీయము కాని సంగతి యొకటి కలదు. 1999 అక్టోబరు 29వ తేదిన ఒడిశాను తాకిన మహాతుపానులో దాదాపు పదివేలమంది చనిపోయిరి. పదునాలుగేండ్ల తరువాత ఆ రాష్ట్రముపైకే మిక్కిలి బలముతో పైలిన్ వచ్చినప్పుడు మృతులు వందకు లోబడిరి. సముద్రము మెత్తబడలేదు, గాలి దయదలచలేదు. ముందుగానే దాదాపు పదిలక్షల జనమును పల్లపుటూళ్లనుండి కదలించిరి. ఊరూర రక్షణభవనములు కట్టియుంచిరి. ఎవరు ఏ యింటి తలుపు తట్టవలయునో ముందే నిర్ణయించియుంచిరి. మన కోనసీమకును ఇట్టి మేలు కొంత ప్రాప్తించినది. 2025 అక్టోబరు 28వ తేది రాత్రి మొంథా తుపాను నరసాపురము ప్రాంతమున తీరము దాటినప్పుడు జనుల నిర్బంధముగనైనను తరలించుటచే 1996 నాటి ప్రాణనష్టము జరుగలేదు. హెచ్చరిక శాస్త్రము పెరిగినది. ఇందుకు సంతోషింపవలసినదే.

అయినను ప్రాణము దక్కినవాని బ్రదుకు మాటయేమి? తుపానుపాక నుండి మరునాడు వెలుపలికి వచ్చినవాని కంటబడునది పడిపోయిన చేను. ఆ చేను పడుటయందు మన పాలు లేదా? ఇచ్చట మేము లెక్కలు చెప్పుదుము. మన డెల్టాలో చిరకాలము రాజ్యమేలిన స్వర్ణ వరి, వసిష్ఠకావల మారుటేరు పరిశోధనస్థానము 1982లో విడుదల చేసినది, విత్తినది మొదలు కోతవరకు ఇంచుమించు నూటయేబది దినములు తీసికొనును. జూన్ నడుమ నారుపోసినచో ఆ చేను నవంబరు రెండవవారమునగాని కోతకు రాదు. జూన్ మొదటితేదిన నారుపోసినచో అక్టోబరు కడపటికే కోతకు వచ్చును. నడుమ రెండువారములు మాత్రమే. కాని ఆ రెండువారములలోనే 1864, 1969, 1989, 1996 నాటి తుపానులన్నియు నిముడును! కాలువలకు నీరు రెండువారములు ముందు వచ్చుట యన్నది కోనసీమ రైతునకు ఒక సౌకర్యము మాత్రము కాదు. అది ఏడాది కూటిమాట. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1వ తేదిననే నీరు వదలిరి. మంచిపని. ఒకయేట జరిగిన మంచిపని ప్రతియేటి నియమము కావలయును. తొందరగా కోతకు వచ్చు వంగడములను వ్యాప్తిచేయుట దానికి తోడు కావలయును.

నీరు వచ్చుట యొకయెత్తు, నీరు పోవుట మరియొకయెత్తు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగియుటతో కోనసీమకు నీరు పారించు విద్య అబ్బినది. మురుగును పంపివేయు విద్య మాత్రము నేటికిని సరిగా నబ్బలేదు. కౌశిక, కూనవరము మొదలగు మురుగుకాలువలు గుర్రపుడెక్కతోను తూటికాడతోను పూడిపోయి, సముద్రమొగలు ఇసుకమేటలు వేసి, ఆషాఢ శ్రావణములలో కురిసిన వాననే మోయజాలకున్నవి. ఊడ్చిన చేను మునిగి కుళ్లినచో రైతు మరల నారుపోయవలయును. రెండవమారు ఊడ్చిన చేను నవంబరు తుపానుకు ఎరగాక తప్పదు. మురుగు ఆగినచో పంట యాలస్యమగును. పంట యాలస్యమైనచో గాలివాన దానిని పట్టుకొనును. ఈ గొలుసును తెలిసికొననివారు సార్వాయే కోనసీమకు ఎందుకు చేదైనదని యాశ్చర్యపడుచుందురు. 2011లో కోనసీమ రైతులు సార్వా సేద్యమే మానివేసి పంటవిరామము ప్రకటించినప్పుడు దేశమంతయు వింతగా చూచినది. గిట్టుబాటుకాని ధర, పెరిగిన కూలి, తీరని ముంపు వారిని ఆ నిర్ణయమునకు తెచ్చినవి. అన్నము పెట్టుచేయి అలిగినదనగా ఆ చేతికి నొప్పియెంతయో యూహింపుడు. ఆ మొగలగుండనే ఆటుపోట్ల ఉప్పునీరు లోనికెక్కును. రాజోలు ప్రాంతమున శంకరగుప్తము మురుగుకాలువ వెంట కొబ్బరితోటలు నిలువున మోడులగుట మన కన్నులయెదుటి సంగతి. కొబ్బరిని గాలి ఒక్కరాత్రి చంపును. ఉప్పునీరు ఏండ్లతరబడి చంపును. చచ్చినచెట్టు స్థానమున మొక్క నాటినచో అది కాపునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. ఆ యయిదారేండ్లు ఆ యిల్లు ఏమితినును?

ఇక వేటకుపోయి తిరిగిరాని మత్స్యకారుని మాట. న్యాయస్థానములయందు మెలగువారమగుటచే దీనిని విశేషముగా చెప్పవలసియున్నది. 1996లో గల్లంతైనవారెల్లరు చనిపోయిరని భార్యాబిడ్డలకు తెలియును, ఊరికి తెలియును. చట్టమునకు మాత్రము తెలియదు. ఏడేండ్లపాటు ఎవనిగూర్చి, సహజముగా వినవలసినవారికి, ఏ వార్తయు వినరాదో వాడు మరణించెనని భావింపవచ్చునని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమును పొందిన భారతీయ సాక్ష్య అధినియమమునందును ఆ యేడేండ్ల నియమమే కలదు. అంతకుముందే మరణమును రుజువుచేయవచ్చును. కాని రుజువు సముద్రగర్భమున నున్నది. భర్తపేర నున్న బ్యాంకు సొమ్ముగాని, నావగాని, ఇంటిస్థలముగాని విధవకు సులభముగా సంక్రమింపదు. ఆమె బొట్టు తుడుచుకొన్నది గాని కాగితముపై సుమంగళియే! ఈ క్రూరపరిహాసమునకు మందు గొప్పది కాదు. ప్రతి రేవునందును ఏ నావపై ఎవరెవరు ఏ వేళ బయలుదేరిరో వ్రాయు పుస్తకమొకటి యుండవలయును. దాని ప్రతి గట్టుమీదనే భద్రపరుపవలయును. అట్టి పుస్తకము హెచ్చరిక వచ్చినవేళ పిలువవలసినవారి పట్టికయగును. ఆపద దాటినవెనుక న్యాయస్థానమునందు సాక్ష్యమగును.

కౌలుదారు స్థితియు ఇట్టిదే. కోనసీమలో దున్నువాడు ఒకడు, దస్తావేజునందుండువాడు మరియొకడు అగుట సర్వసాధారణము. చేను పడినప్పుడు నష్టపరిహారము దస్తావేజు వెంట నడచును. నష్టము నాగలివెంట నడచును. 2011లో కౌలుదారులకై యొక చట్టమును, 2019లో మరియొక చట్టమును వచ్చినవి. రెండవది భూయజమాని సంతకమును కోరినది. సంతకము పెట్టినచో భూమిపై హక్కుపోవునేమో యని యజమాని భయము. అడిగినచో కౌలు పోవునేమో యని కౌలుదారు భయము. ఈ యిరువురి భయముల నడుమ పరిహారము దారితప్పుచున్నది. సంతకము పెట్టుటవలన స్వామ్యము పోదని యూరూర తెలియజెప్పు పని మా వృత్తివారిదే. ఆ పనికై యేటికొక ఆదివారమైనను వెచ్చింపని న్యాయవాది తుపానుసభలో ప్రసంగించుటకు అర్హుడు కాడు.

ఇవన్నియు ప్రభుత్వకార్యములు కావా, మేమేమి చేయగలము అను ప్రశ్న పఠనమందిరములలో వినబడును. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలసినదే, దానికి మినహాయింపులేదు. 1996లో జిల్లా కచేరి కాకినాడలో నుండెను. మన మొర ఏరు దాటి పోవలసియుండెను. 2022 ఏప్రిలు 4వ తేదినుండి కోనసీమ ప్రత్యేక జిల్లా. కచేరి అమలాపురముననే కలదు. ఇక దూరము సాకుగా చెల్లదు. కాని అడుగువాడు లేని యింట దీపము పెట్టువాడు నుండడు. మురుగుకాలువ పూడికతీత ఎంతవరకు వచ్చినదో, ఊరి రక్షణభవనపు తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో, అందు నీరు, దీపము, మరుగుదొడ్డి కలవో లేవో, మంచముపట్టిన ముసలివారిని మోసికొనిపోవలసిన యువకులు ఎవరో, తీరమున మడచెట్లను నరికినవారెవరో, అడుగవలసినవారు మనము. 1996లో ముంపుపల్లెలకు పీకలలోతు నీటిలో అన్నపుమూటలు మోసినది ఇరుగుపొరుగు గ్రామముల యువకులే. ఆపద గడచినవెనుక అంతటి శక్తి చూపగలిగిన జాతి ఆపదకు ముందు అందులో పదియవవంతు చూపలేదా?

కావున మేమొక సూచన చేయుచున్నాము. నవంబరు 6న దుఃఖింపుడు. కాని నవంబరు 6న మేలుకొనకుడు. అప్పటికి తుపానుకాలము సగము గడచియుండును. దేశమంతట గాంధిజయంతినాడు, అక్టోబరు 2న, గ్రామసభలు జరుపు ఆచారము కలదు. మన తేదికి అది అయిదువారములు ముందు. ఆ సభయందు కోనసీమలోని ప్రతి పంచాయతియు తుపానులెక్క చదువవలయును. మురుగుకాలువ, రక్షణభవనము, రేవుపుస్తకము, కౌలుపత్రములు, కోతకు సిద్ధమైన చేల విస్తీర్ణము, ఈ యయిదింటినిగూర్చి సర్పంచి లేచి జనులకు సమాధానము చెప్పవలయును. ఆ లెక్కను గ్రంథాలయపు గోడపై అంటింపవలయును. చదువనేర్చినవారు చదువనేరనివారికి వినిపింపవలయును. సత్యాగ్రహి పుట్టినదినమున సత్యమైన లెక్క చెప్పుటకంటె ఆయనకు వేరొక పూజ యక్కరలేదు.

సముద్రము మనకు నోటీసు ఇచ్చియే వచ్చుచున్నది. 1789 నుండి దాని నోటీసులు మన దఫ్తరమున పడియున్నవి. వానిపై తేదులుకూడ వేసియున్నవి. నోటీసు అందలేదని వాదించు ప్రతివాదికి ఏ న్యాయస్థానమునందును జయములేదు. అక్టోబరు 2న లెక్క చెప్పిన గ్రామము నవంబరు 6న తన మృతులకు తలవంచి నమస్కరింపవచ్చును. ఆ లెక్క చెప్పని గ్రామమునకు ఆ నమస్కారముకూడ అప్పే యగును.